నల్లపూత

అక్టోబర్ 18, శనివారం

ఈ రోజు జోవెట్ కారు అడుగుకి తుప్పు పట్టకుండా నూనె కొట్టాలి. గోడ మీది క్యాలెండర్లో ఎర్ర సిరాతో ఆగస్టులోనే రాసి పెట్టుకున్నాను. గ్యారేజీలో కారు ఎత్తే లిఫ్టు ఖాళీగా ఉంచాను. నూనె డ్రమ్ము నిన్ననే లోపలికి తెచ్చి వెచ్చబడనిచ్చాను. కారు మాత్రం లేదు. మంగళవారం పొద్దున జోవెట్ రెండు సూట్‌కేసులు వెనక సీట్లో పడేసుకుని రిముస్కిలో ఉన్న చెల్లెలు మ్యూరియెల్ ఇంటికి వెళ్ళిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం.

నేను అడిగేది ఒక్కటే. పోయేది ఎలాగూ పోతోంది, శనివారం దాకా ఆగితే ఏం పోయింది? నాలుగంటే నాలుగు రోజులు. నూనె కొట్టించుకుని, రెండు రోజులు కారాల్సింది కారనిచ్చి, ఆ పైన ఎక్కడికైనా పోవచ్చు. కోపం నా మీద ఉంటే నా మీద చూపించాలి. నోరు లేని కారు ఏం పాపం చేసింది?

పదకొండేళ్ళ కారు. ఈ ఊళ్ళో ఒక పక్క సముద్రంలో కలిసే నది గాలిలో ఉప్పు, ఇంకో పక్క మంచు కరగడానికి రోడ్డు మీద పోసే ఉప్పు. ఎనిమిదో ఏటికి కార్ల తలుపులు చిల్లులు పడి జల్లెడలవుతాయి. జోవెట్ కారు నీలం రంగు మాత్రం షోరూమ్ నుంచి నిన్న తెచ్చినట్టుంటుంది. ప్రతి అక్టోబర్లో కడిగి, పెయింట్ మీది మురికి లాగే మెత్తటి బంకమట్టితో రుద్ది, మైనం రెండు పూతలు నేనే పట్టిస్తాను. రాయి తగిలి గోరంత పెయింట్ లేచినా సన్న కుంచెతో ఆ రోజే దిద్దుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సగం ఊరి కార్ల అడుగులు నా చేతి మీదే బతుకుతున్నాయి.

వెళ్ళేటప్పుడు ఏమైందని అడిగాను. అడగలేదని ఎవరూ అనలేరు. గుమ్మంలో నిలబడి, "నిన్న బల్ల దగ్గర ఏం చెప్పావో నీకే తెలియాలి" అంది.

నేనేం చెప్పాను? సోమవారం కృతజ్ఞతల పండగ. మ్యూరియెల్ ఇంట్లోనే భోజనం. టర్కీ తిన్నాం. ఎప్పుడూ చెప్పే కబుర్లే చెప్పాను. అందరూ చెవులప్పగించి విన్నారు. మ్యూరియెల్ నాకు ఇంకో ముక్క గుమ్మడికాయ తీపి కూడా వడ్డించింది. అందులో తప్పు పట్టడానికి ఏముంది?

అక్టోబర్ 20

వాన. ఉప్పు ఇంకా పోయలేదు.

అక్టోబర్ 23, గురువారం

ఒవిలా తన ట్రక్కు తెచ్చాడు. మా వీధి చివరే ఉంటాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. ప్రతి ఏడూ ఈ వారమే తెస్తాడు. తలుపుల కింది పెట్టెరేకుల బిరడాలు తీసి సన్నటి గొట్టం లోపలికి తోసి నూనె కొడుతుంటే, వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏరా రోజేర్, ఇల్లు మూగబోయింది. జోవెట్ ఏది?"

"చెల్లెలింటికి వెళ్ళింది."

"ఎన్నాళ్ళకి?"

"అడగలేదు."

"అడగలేదా? ఒరేయ్, పెళ్ళామనుకున్నావా, చలికాలం టైర్లనుకున్నావా, ఏప్రిల్ వస్తే మార్చేసుకోడానికి?"

నేను నూనె కొట్టే గన్ నొక్కాను. ఆ మోతలో వాడి మాట వినపడనట్టు నటించడం తేలిక.

పని అయ్యాక ఇద్దరం అదే ట్రక్కులో ఊరి వెనక పొలాల్లో ఆరో వరస కంకర రోడ్డు మీదికి వెళ్ళాం. అది మా దగ్గర ఆచారం. నూనె పచ్చిగా ఉండగానే దుమ్ము రోడ్డు మీద తిప్పాలి. దుమ్ము నూనెకి అంటుకుని పొరలా గట్టిపడుతుంది, చలికాలమంతా కదలదు. ప్రతి ఏడూ నేనూ జోవెట్ వెళ్ళేవాళ్ళం. ఆమె నడిపేది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాల దగ్గర దుమ్ము సరిగ్గా లేస్తోందా లేదా చూస్తూ, ఇంకా వేగంగా పోనీ అని అరిచేవాడిని. ఆమె ఏదో చెబుతూ ఉండేది. ఏం చెప్పేదో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

తిరిగి వస్తుంటే ఒవిలా గొంతు సవరించుకున్నాడు.

"నీకు చెప్పాలా వద్దా అని చూస్తున్నా."

"చెప్పు."

"నిన్న జోవెట్ కారు యానిక్ షెడ్డులో చూశాను. లిఫ్టు మీద."

యానిక్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. హైవే పక్కన షెడ్డు వేసి రెండేళ్ళు కాలేదు. కాఫీ మిషను, మెత్తటి కుర్చీలు, గోడకి టీవీ. కారుకి నూనె కొట్టించుకోవడానికి టీవీ దేనికి? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఊరంతా నా దగ్గరికి వస్తుంటే నా పెళ్ళాం వాడి దగ్గరికి వెళ్ళింది. ఊరంతా చూసేలా, హైవే పక్కన, పట్టపగలు. ఇంకో మగాడితో వెళ్ళిపోయినా ఇంత తలవంపులు అయ్యేది కాదు. రాస్తున్నది నా కోసమే కాబట్టి రాస్తున్నాను, ఇది నిజం.

అక్టోబర్ 25, శనివారం

ఫోన్ చేశాను. మ్యూరియెల్ ఎత్తింది.

"జోవెట్ మాట్లాడనంటోంది, బావా."

"మాట్లాడక్కర్లేదు. కారు ఎక్కడ పెడుతోందో చెప్పు."

"కింద గ్యారేజీలో. ఎందుకు?"

"మీ బిల్డింగు కింద ఉన్నదా? వెచ్చగా ఉండేదా?"

"వెచ్చగానే ఉంటుంది. హాయిగా ఉంటుంది."

హాయిగా ఉంటుందట. ఈ దేశంలో నూటికి తొంభై మంది చేసే తప్పు అదే. బయట చలిలో ఉన్నంతసేపూ ఉప్పు గడ్డకట్టి చచ్చినట్టు పడి ఉంటుంది. వెచ్చటి గ్యారేజీలోకి తెస్తే మంచు కరిగి, ఉప్పునీరై, సందుసందుల్లోకి దూరి రేకుని తింటుంది. చలిలో వణికే కారు ఇరవై ఏళ్ళు బతుకుతుంది, వెచ్చగా పడుకోబెట్టిన కారు పదేళ్ళకే పోతుంది. ఇదంతా మ్యూరియెల్‌కి ఓపిగ్గా చెప్పాను. బయట వీధిలో పెట్టమన్నాను.

అంతా విని ఆమె అంది, "బావా, అక్క వెళ్ళిపోయిన పదకొండు రోజులకి ఫోన్ చేశావు. కారు ఎలా ఉందని అడిగావు. ఇంకేమైనా అడుగుతావేమో అని చూస్తున్నా."

ఇంకేం అడగాలి? జోవెట్ బాగానే ఉంటుంది. చెల్లెలి వంట తింటోంది, వెచ్చటి ఇంట్లో ఉంది. ప్రమాదంలో ఉన్నదాని గురించి అడుగుతారు గాని సుఖంగా ఉన్నవాళ్ళ గురించి అడుగుతారా?

అక్టోబర్ 27

జోవెట్‌కి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. వేడినీళ్ళతో కడగొద్దని, సున్నాకి ఐదు డిగ్రీల కంటే కిందికి పోని రోజు చూసి రెండు వారాలకొకసారి అడుగు మాత్రం గొట్టంతో కొట్టించమని, తలుపుల రబ్బర్లు పొడిగుడ్డతో తుడవమని, కాళ్ళ కింద పట్టాలు ఎత్తి ఆరబెట్టమని. మైనం వేయడం ఎలాగో బొమ్మ కూడా గీశాను. ఇంత శ్రద్ధగా ఏ మగాడు రాస్తాడు? చివర్లో ఏదో రాయాలనిపించింది. పేజీలో చోటు లేదు.

అక్టోబర్ 31

వీధిలో పిల్లలు దయ్యాల వేషాలేసుకుని చాక్లెట్లకి వచ్చారు. చాక్లెట్లు ఎక్కడ పెడుతుందో జోవెట్‌కే తెలుసు. లైటు ఆర్పేసి కూర్చున్నాను.

నవంబర్ 3, సోమవారం

ఉప్పు లారీ వచ్చింది. నాలుగు మంచు రేకులు రాలాయో లేదో, వంటమనిషి చేతిలోంచి డబ్బా జారినట్టు రోడ్డంతా తెల్లగా కుమ్మరించి పోయారు. ఆ అధికారులకి తమ కార్లు లేవా? ఉంటాయి, ప్రభుత్వంవి. ఎవడబ్బ సొమ్మని పోస్తారు? వెనకే వెళ్ళి నాలుగు తిట్లు తిట్టొచ్చాను. డ్రైవరు చెయ్యి ఊపాడు. పలకరిస్తున్నాననుకున్నాడు.

ఉత్తరానికి జవాబు లేదు.

యానిక్ అసలు ఏం కొట్టాడో, ఎక్కడెక్కడ కొట్టాడో తెలియాలి. రేపు వెళ్ళి వాణ్ణి కడిగేస్తాను.

నవంబర్ 4

వెళ్ళాను. ఇద్దరు కస్టమర్లు టీవీ చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ ముందే మొదలుపెట్టాను.

"ఇంకొకడి ఇంటి కారు మీద చెయ్యి వేసే ముందు ఒక్క మాట చెప్పాలని నీకు తెలియదా?"

"లోపలికి రండి, రోజేర్ గారూ."

"ఇక్కడే చెప్పు. ఏ నూనె కొట్టావు?"

"నేను కొట్టలేదండీ. కొట్టనన్నాను. మీరు లోపలికి రండి."

లోపల తలుపు వేసి, వాడు ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. కారు అడుగు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే చోటు. స్క్రూడ్రైవర్ రేకులోకి పిడి దాకా దిగి ఉంది.

"నేనేం బలంగా పొడవలేదు. ఊరికే ఆనించానంతే. పైన నల్లపూత నిగనిగలాడుతోంది, కింద రేకే లేదు. రెండు వైపులా అంతే. పైన పటారం, లోన లొటారం." కొంచెం ఆగాడు. "ఆ పూత మీ చేతిదని చూడగానే తెలిసింది. అంచులు అంత నున్నగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రావు."

"జోవెట్‌కి చెప్పావా?"

"వెనక భాగం బాగాలేదు, దూరాలు పోవద్దు, వెంటనే రోజేర్ గారికి చూపించండి అని చెప్పాను. మీది కాబట్టి మీ నోటితో మీరే చెబుతారనుకున్నాను. ఆవిడ మీ దగ్గరికి రాలేదా?"

రాలేదని చెప్పలేదు. చూస్తానులే అని వచ్చేశాను. బయట కూర్చున్న ఇద్దరూ నా వైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా వాళ్ళ ముందు నుంచే నడిచి వచ్చాను.

ఆమె రోజూ ఆ కారులోనే పనికి వెళుతోంది. మ్యూరియెల్ ఇంటి నుంచి లైబ్రరీకి, హైవే మీదుగా.

నవంబర్ 5

అటక మీద ఆ తారు నల్లపూత డబ్బా ఇంకా ఉంది. దించి చదివాను. "రేకు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు మాత్రమే వాడవలెను." ఎంత చిన్న అక్షరాలు. చీమ తలంత. ఇలాంటివి పెద్దక్షరాలతో రాయాలని వాళ్ళకి బుద్ధి ఉండక్కర్లేదా? తడి మీద వేస్తే తడి లోపలే ఉండిపోయి తింటుందని సామాన్యుడికి ఎలా తెలుస్తుంది?

నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ చెబుతూనే ఉన్నాను, నూనె వాడండి, తారు జోలికి పోవద్దని. అది అందరికీ చెప్పే మాట. మూడేళ్ళ కిందట ఆ మార్చిలో పరిస్థితి వేరు. అత్తగారు రిముస్కి ఆసుపత్రిలో ఉన్నారు. జోవెట్ రోజూ యాభై కిలోమీటర్లు పోవడం, యాభై రావడం, రోడ్డంతా ఉప్పు. నూనె మొత్తం కడుక్కుపోయింది. మళ్ళీ నూనె కొడితే రెండు రోజులు కారాలి. పూత అయితే ఒక్కరోజులో అయిపోతుంది. ఎవరి కోసం చేశాను? ఆమె కోసమే కదా? పైగా ఆ రోజు తుఫాను.

నవంబర్ 6

ఫోన్ చేయలేదు.

నవంబర్ 7

చేయలేదు. యానిక్ చెప్పనే చెప్పాడు. జోవెట్ పెద్దమనిషి, చదువుకున్న మనిషి, బాగాలేదంటే అర్థం చేసుకోలేదా? అన్నీ నేనే చెప్పాలా?

నవంబర్ 8

మంచు. మ్యూరియెల్ ఇంటి దగ్గర కూడా పడిందట, రేడియోలో చెప్పారు.

నవంబర్ 9, ఆదివారం

ఫోన్ చేశాను. మ్యూరియెల్.

"జోవెట్‌ని పిలు. కారు గురించి."

"మళ్ళీ కారేనా బావా?"

"నడపొద్దని చెప్పు. అది ప్రమాదం."

"వెచ్చటి గ్యారేజీ ప్రమాదం, వేడినీళ్ళు ప్రమాదం, కాళ్ళ కింద పట్టా ప్రమాదం. నీ ఉత్తరం మేమిద్దరం చదివాం. మూడు పేజీలు, బొమ్మతో సహా. అందులో అక్క పేరు కవరు మీద తప్ప ఎక్కడా లేదు."

"మ్యూరియెల్, ఇది వేరు—"

పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. జీవితంలో ఒక్కసారి నిజంగా ప్రమాదం ఉందని చెబుతుంటే వినదే. ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఎందుకు వినాలి అనిపించింది. పదకొండేళ్ళుగా నేను దేన్ని ప్రమాదం అనలేదు?

నవంబర్ 10

తుఫాను లేదు.

ఇది రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. మూడేళ్ళ కిందట మార్చి పద్నాలుగున ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండకి గ్యారేజీ చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మధ్యాహ్నం రెండుంపావుకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, ఎక్కువసేపు ఉండరు, రండి అని. జోవెట్ కోటు తొడుక్కుని, చేతి సంచీ పట్టుకుని గ్యారేజీలోకి వచ్చింది. నేను గన్‌తో కారు కింద ఉన్నాను. పొద్దున్నే కడిగిన కారు, సరిగ్గా ఆరలేదు. ఎడమ వైపు అయిపోయింది.

"ఒక్క నిమిషం, ఈ వైపు కానీ. సగంలో ఆపితే అంచు లేచిపోతుంది" అన్నాను.

ఆమె తలుపు పక్కన నిలబడింది. నా ట్రక్కు తాళాలు నా ప్యాంటు జేబులో ఉన్నాయి. ఆమె అడగలేదు. నేను ఇవ్వలేదు. నలభై నిమిషాలు పట్టింది. ట్రక్కు ఎక్కే ముందు మ్యూరియెల్‌కి ఫోన్ చేసి, మా వైపు తుఫాను, రోడ్డు కనపడటం లేదు, మెల్లగా వస్తున్నామని చెప్పాను. ఆ మాట ఎలా వచ్చిందో, నోటికి అదే వచ్చింది. నది మీది నుంచి మంచుగాలి ఒక ఊళ్ళో కొట్టి పక్క ఊళ్ళో కొట్టకపోవడం మాకు మామూలే, అందరూ నమ్మారు. మేం వెళ్ళేసరికి అత్తగారు పోయి ఇరవై నిమిషాలైంది.

ఆ తర్వాత ఎవరు అడిగినా తుఫానే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే చలి వేసేది. పోయిన నెల పండగ భోజనం దగ్గర, దారిలో ఒక లారీ గుంటలో పడిపోయిందని కూడా కలిపాను. జోవెట్ నా పక్కనే కూర్చుని ఉంది.

నన్ను ఏమని తిట్టుకోవాలో తెలియడం లేదు. ఊళ్ళో అందరికీ సరిపోయిన తిట్లు నాకు చాలడం లేదు.

నవంబర్ 11, మంగళవారం

పొద్దున్నే ట్రక్కులో రిముస్కి వెళ్ళాను. కింది గ్యారేజీ తలుపు ఎవరో బయటికి వస్తుంటే తెరుచుకుంది, అదే సందులో లోపలికి దూరాను. కారు రెండో స్తంభం పక్కన ఉంది. మైనం వేయకపోయినా నీలం మెరుస్తోంది. కింద కరిగిన మంచు మడుగు కట్టింది. అట్టపెట్టె చింపి పరుచుకుని కిందికి దూరి, దీపం పెట్టి చూశాను. స్క్రూడ్రైవర్ ఆనించాను. పిడి దాకా పోయింది. లాగితే చేతి వెడల్పు నల్లతోలు ఊడి వచ్చింది, దాని వెనక తుప్పు పొరలు పొరలుగా రాలి నా మొహం మీద పడ్డాయి. అంచులు నున్నగా ఉన్నాయి. యానిక్ చెప్పింది నిజమే, అంత నున్నగా ఎవరికీ రావు.

ఎవరో ఆడమనిషి కారు కింద కాళ్ళు చూసి కెవ్వుమంది. పరుగెత్తుకెళ్ళిన చప్పుడు వినపడింది. కాసేపటికి జోవెట్ చెప్పులు కనిపించాయి. ఇంట్లో వేసుకునే బూడిదరంగు చెప్పులు.

"రోజేర్. బయటికి రా."

"ఒక్క ని..." అన్నాను. ఆపుకున్నాను. బయటికి వచ్చాను.

"ఈ కారు ఇక నడపకు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే రేకు తుప్పు పట్టి పోయింది. ఏ గతుకులోనైనా ఊడి వస్తుంది."

"యానిక్ ఏదో అన్నాడు. నీకు చూపించమన్నాడు. నీకు చూపించడం ఇష్టం లేక ఊరుకున్నా."

"యానిక్‌కి తెలుసు. నా వల్లే అని తెలుసు. ఆ నల్లపూత నేను వేసింది, మీ అమ్మ పోయిన రోజు. తడి మీద వేశాను. అప్పటి నుంచీ లోపల్లోపల తింటూనే ఉంది."

ఆమె నా చేతిలో ఉన్న నల్లతోలు వైపు చూసింది.

"దీనికోసమేనా ఆ రోజు నన్ను నిలబెట్టావు?"

"అవును."

"నలభై నిమిషాలు."

"అవును."

"మరి తుఫాను?"

"లేదు. ఎండ కాసింది."

ఆమె స్తంభానికి ఆనుకుంది. గొంతు పెంచలేదు.

"మూడేళ్ళుగా నువ్వు తుఫానంటావు, నేను అవునంటాను. కాదంటే మా వాళ్ళందరి ముందూ నీ పరువు పోతుందని. నలభై నిమిషాలు నిలబెట్టినందుకు నిన్ను క్షమించుకున్నాను, తెలుసా? కష్టపడి, ఒక్కదాన్నే కూర్చుని క్షమించుకున్నాను. మొన్న నువ్వు లారీని గుంటలో పడేశావు. మ్యూరియెల్ నా చెయ్యి పట్టుకుని, పాపం అక్కా ఎంత భయపడ్డావో ఆ రోజు అంది. నేను తల ఊపాను. మా అమ్మ చావు గురించి నా చెల్లెలికి అబద్ధం చెప్పాను, నీ కారు పూత కోసం. ఇంక నా వల్ల కాలేదు."

"నేను చెబుతాను."

"ఏం చెబుతావు?"

"ఉన్నది."

"పైన వంటింట్లో ఉంది" అని ఆమె లిఫ్టు మీట నొక్కింది.

మ్యూరియెల్ బఠాణీ సూపు కలుపుతోంది. "ఏంటి బావా ఆ చేతులు, ముందు కడుక్కో" అంది. కడుక్కుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను. తుఫాను లేదని, ఎండ కాసిందని, పూత అయ్యేదాకా జోవెట్‌ని ఆపానని, ఫోన్లో అబద్ధం చెప్పానని, అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నానని. లారీ కూడా అబద్ధమని.

ఆమె పొయ్యి ఆర్పింది. గరిటె పక్కన పెట్టింది. మాట్లాడింది, నాతో కాదు, జోవెట్‌తో.

"ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను అమ్మ పక్కనే ఉన్నానక్కా. అమ్మ తలుపు వైపే చూస్తోంది. జోవెట్ ఏదీ అని రెండుసార్లు అడిగింది. అక్కడ తుఫానట అమ్మా, దారిలో ఉన్నారు అని చెప్పాను. అమ్మ దుప్పటి మీద ఎండ పడుతోంది. అయినా నమ్మింది. 'అయితే తొందరపడొద్దని చెప్పు, రోడ్డు బాగుండదు. నేను ఆగుతాను' అంది. అన్నాక కళ్ళు మూసుకుని, దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని పడుకుంది. ఆగడానికి చాలా కష్టపడింది. నీకు చెబితే తట్టుకోలేవని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

జోవెట్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. మ్యూరియెల్ వెళ్ళి ఆమె తల పట్టుకుంది. నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను కాస్త దూరంలో, బల్లకి తగలకుండా ఆ నల్ల చేతులు పైకి పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ట్రక్కు తాళాలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. బస్సులో ఇంటికి వచ్చాను.

నవంబర్ 15

తుక్కు సామాను వాడు రిముస్కి నుంచి ఆ కారుని ఇటుగా ఎక్కించుకొచ్చాడు, కాగితాలు నా పేరున ఉన్నాయని సంతకానికి. కారు చుట్టూ తిరిగి పెయింట్ చూసి, "ఇంత మంచి కారుని తుక్కుకి వేయడానికి మీకు మనసెలా ఒప్పింది?" అన్నాడు. వంగి కింద చూడమన్నాను. చూశాడు. కాగితం ఇచ్చాడు, సంతకం పెట్టాను.

నవంబర్ 19

ఒవిలా వచ్చాడు, ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. మాటల్లో వాడే ఎత్తాడు, మీ అత్తగారు పోయిన రోజు తుఫాను లాంటిది మళ్ళీ రాలేదురా అని. రాలేదు, ఎందుకంటే ఆ రోజూ రాలేదు అన్నాను. మొత్తం చెప్పాను. ఒవిలా టోపీ తిప్పుతూ, "ఆ రోజు నేను గోల్ఫు బూట్లు కొనుక్కున్నాను రోజేర్. ఎండ అని నాకు ఎప్పుడూ తెలుసు" అన్నాడు. మూడేళ్ళు వాడు కూడా నా కోసం ఊరుకున్నాడు. ఇంకా ఎంతమంది ఊరుకున్నారో.

నవంబర్ 28

జోవెట్ నుంచి ఏమీ లేదు. ఉత్తరం రాయలేదు. ఏం రాసినా మూడు పేజీలవుతుంది.

డిసెంబర్ 5, శుక్రవారం

తెల్లవారుజాము నుంచి తుఫాను. హైవే మూసేశారు, బళ్ళు లేవు.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. జోవెట్.

"అక్కడ ఎలా ఉంది?" అని అడిగింది.

ఫోన్ తీగ సాగినంత మేర లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురింటి వరండా దీపం కనిపిస్తోందని, దాని వెనక చర్చి కనిపించడం లేదని చెప్పాను. గాలి నది వైపు నుంచి కొడుతోంది. మన మెట్ల మీద మంచు మూడో మెట్టు దాకా వచ్చింది, నాలుగోది ఇంకా బయటే ఉంది. రోడ్డు మీద ఒక్క బండి కూడా లేదు. ఒక కుక్క ఇందాక దాటింది, గోధుమరంగుది, ఎవరిదో తెలియదు. ఏమీ కలపలేదు. చెప్పడం అయిపోయింది.

అటు నుంచి ఆమె ఊపిరి వినపడుతోంది.

"ఇంకా చెప్పు" అంది.